రాతినార: ఇంటి కప్పు, పనివాని ఊపిరి

ఇటీవల మా కేంద్రమునకు శేరిలింగంపల్లి ప్రాంతమునుండి ఒక గృహిణి ఉత్తరము వ్రాసిరి. వారి యింటి వెనుక ముప్పదియేండ్లనాటి రేకుల వసారా ఉన్నదట. దానిని తీసివేసి పైకి మరియొక అంతస్తు కట్టవలెనని కుమారులు నిశ్చయించుకొనిరి. మేస్త్రీ వచ్చి చూచి, గునపముతో నాలుగుపోట్లు పొడిచిన ఒక్క పూటలో రేకులన్నియు నేలకు దిగునని చెప్పెను. ఆ రేకులలో విషమున్నదని ఎవరో అనగా విని, నిజమేమో తెలియజేయుడని ఆమె మమ్ము కోరిరి. ఉత్తరము చివర, సంతకమునకు పైన, మరియొక రెండు వాక్యములున్నవి. ఆమె భర్త 1989లో సిమెంటు రేకులు చేయు ఒక కర్మాగారమున చేరి 2013లో పని మానిరి. ఇప్పుడు మేడమెట్లు ఎక్కుటకు ఆయాసపడుచున్నారు, వయసు మీరుటవలన కాబోలు, అని ఆమె వ్రాసిరి.

ఆమె అడిగినది వసారాను గూర్చి. మాకు మాత్రము ఆ చివరి రెండు వాక్యములే పెద్ద ప్రశ్నగా తోచినవి. రెండింటికిని మూలమైన పదార్థమొక్కటే గనుక మొదట దానిని గూర్చి చెప్పి, పిమ్మట ఇంటిలోనికి వత్తుము.

ఆస్బెస్టాసు అనుమాట గ్రీకు భాషనుండి వచ్చినది. ఆరనిది అని దాని అర్థము. మన నిఘంటువులు దీనికి రాతినార అని చక్కని పేరు పెట్టినవి. పేరులోనే గుణమంతయు ఉన్నది. ఇది భూమిలో దొరకు రాయి, కాని జనుపవలె, గోగునారవలె పాయలుపాయలుగా చీలును. వడికి దారము చేయవచ్చును, నేసి గుడ్డ చేయవచ్చును. ఆ గుడ్డ నిప్పులో వేసినను కాలదు, ఆమ్లములకు తేలికగా లొంగదు, వేడిని అవతలకు పోనీయదు. దీనిలో తెలుపు, నీలము, గోధుమవన్నె రకములు ముఖ్యమైనవి. మన యిండ్ల రేకులలో ఉండునది తెల్లరకము.

ఈ రాయి మనకు పరదేశపు వస్తువేమియు కాదు. కడప జిల్లాలో పులివెందుల చుట్టుపట్ల, బ్రాహ్మణపల్లె పరిసరములలో, పూర్వకాలమున కరగిన శిల డోలమైటు సున్నపురాతిలోనికి చొచ్చుకొనిపోయి ఆ వేడికి రాయి మారినచోట, తెల్ల రాతినార సన్నని పొరలుగా ఏర్పడినది. దానిని అక్కడ చాలకాలము గనులు త్రవ్వి తీసిరి. ఇక రేకుల పరిశ్రమకు హైదరాబాదు పేరుపొందినది. 1946లో హైదరాబాదు ఆస్బెస్టాసు సిమెంటు ప్రాడక్ట్సు అను సంస్థ ఏర్పడినది. సనత్‌నగరులో దాని కర్మాగారము వెలసినది. చార్మినార్ రేకు అనినచో పల్లెలో పసిపిల్లవాడు సైతము గుర్తుపట్టునంతగా ఆ సరకు వ్యాపించినది. కూకట్‌పల్లిలో ఒక పేటకు ఆస్బెస్టాస్ కాలనీ అనియే పేరు. బస్సు కండక్టరు ఆ పేరు కేకవేయుచుండగా దిగువారు దిగుచుందురు, ఎక్కువారు ఎక్కుచుందురు. ఆ మాటకు అర్థమేమని అడుగువారు మాకింతవరకు కనబడలేదు.

లింగంపల్లిలో ఎంఎంటీఎస్ రైలెక్కి చందానగరు, హఫీజ్‌పేట, హైటెక్ సిటీ, బోరబండ దాటి భరత్‌నగరు వరకు కిటికీ ప్రక్కన కూర్చుండి చూడుడు. ఒకవంక 1998లో సైబర్ టవర్సుతో మొదలైన అద్దాల మేడలు. మరియొకవంక, వాటి నీడలోనే, అలలు అలలుగా ముడతలు దేరిన బూడిదవన్నె కప్పులు. ఆ మేడలను కట్టుటకు పాలమూరునుండియు, ఉత్తరాంధ్రనుండియు, ఒడిశానుండియు వచ్చిన కూలీలలో అనేకులు తలదాచుకొనునది ఇట్టి కప్పుల క్రిందనే. తక్కువ వెలకు వచ్చి, తుప్పు పట్టక, చెదలు తినక, తాటాకువలె అగ్గిపుల్లకు అంటుకొనక, పాతికముప్పదియేండ్లు నిలుచు కప్పును పేదవాడు కోరుకొనుటలో తప్పులేదు. పూరింటి వేసవి అగ్నిప్రమాదములను ఎరిగినవారెవరును ఈ రేకును తేలికగా నిందింపజాలరు.

అయినచో దోషమెక్కడ నున్నది? ఆ నార చీలుటలో నున్నది. జనుపనార ఎంత చీల్చినను కొంతవరకే చీలును. రాతినార మాత్రము కంటికి కానరానంతవరకు, తల వెండ్రుకను నిలువున వందల పాయలుగా చీల్చినట్లు, చీలుచునే యుండును. ఇట్టి పోగులు గాలిలో గంటలకొలది తేలియాడును. వాసన ఉండదు, కన్ను మండదు, తుమ్ము రాదు. మామూలు దుమ్మును ముక్కులోని వెండ్రుకలును, గొంతులోని తేమయు చాలవరకు పట్టివేయును. ఈ పోగు సన్ననిదగుటచే గాలివాలున నిలువుగా సాగి, ఊపిరితిత్తుల చివరనుండు గాలితిత్తుల దాక పోగలదు. అచ్చట మన దేహమునకు కాపలాదారులైన కణములున్నవి. అవి లోనికి వచ్చిన సూక్ష్మజీవులను, ధూళిని మ్రింగి అరిగించుకొనును. కాని తమకంటె పొడవైన రాతిపోగును మ్రింగబోయి, మ్రింగలేక, కక్కలేక నశించును. నశించుచు తమలోని ఘాటైన రసములను విడుచును. ఆ చోట వాపు, వాపు మానగా మచ్చ. మరల క్రొత్త కణములు వచ్చును, అవియు అట్లే చచ్చును. ఇట్లు ఏండ్లతరబడి జరుగగా, స్పంజివలె మెత్తగా ఉండవలసిన ఊపిరితిత్తి గట్టిపడి, సాగుట మానును. దీనిని ఆస్బెస్టోసిస్ అందురు.

ఈ సంగతి నేడో నిన్నో తెలిసినది కాదు. ఇంగ్లండులో రాచ్‌డేల్ అను ఊర నెల్లీ కెర్షా అను స్త్రీ చిన్ననాటనే మిల్లులో చేరి రాతినారను దారముగా వడికెడిది. ఆమె 1924లో, 33 ఏండ్లకే, ఊపిరాడక మరణించెను. కంపెనీవారు పరిహార మిచ్చుటకు ఒప్పుకొనలేదు. డాక్టరు కుక్ ఆమె ఊపిరితిత్తులను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అందు రాతిపోగులను చూచి, ఆ యేడే బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటించెను. 1930లో ఇద్దరు ప్రభుత్వాధికారులు కర్మాగారములన్నియు తిరిగి నివేదిక వ్రాయగా, 1931లో ఆ దేశమున దుమ్మును అణచుటకు నిబంధనలు వచ్చినవి. సనత్‌నగరులో కర్మాగారము వెలయుటకు పదునైదేండ్లకు ముందటి మాట ఇది.

తరువాత తెలిసిన విషయములు మరింత కఠినమైనవి. 1955లో రిచర్డు డాల్ అను వైద్యశాస్త్రజ్ఞుడు రాతినార పనివారిలో ఊపిరితిత్తుల కాన్సరు హెచ్చుగా ఉన్నదని లెక్కలతో చూపెను. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్, ఆయన సహచరులు 33 మంది రోగులను గూర్చి వ్రాసిరి. వీరికి వచ్చినది ఊపిరితిత్తులను కప్పియుండు పల్చని పొరకు పుట్టు కాన్సరు. మీసోథీలియోమా అని దాని పేరు. అదివరకు వైద్యులు జీవితమున ఒకటి రెండుసార్లు చూచుటయే గొప్పయైన ఆ వ్యాధి, నీలి రాతినార గనుల ప్రాంతమున ఇంతమందికి వచ్చినది. వారిలో గనిలో ఒక్కనాడైనను పనిచేయక, బాల్యమున ఆ ప్రక్క నివసించినవారును ఉండిరి. 1965లో లండనులో న్యూహౌస్, థాంప్సన్ అను ఇరువురు 76 మంది ఇట్టి రోగుల చరిత్రలు విచారించిరి. తొమ్మిదిమంది తాము రాతినార పని చేసినవారు కారు, చేసినవారితో ఒక యింట కాపురమున్నవారు. భర్త పనినుండి వచ్చిన పిమ్మట ఆ దుస్తులను భార్య దులిపి ఉతికినదన్నది వారు తరచుగా విన్న కథ.

ఈ చివరి మాటను పాఠకులు గుర్తుంచుకొందురుగాక. మేము మరల దీనికి వత్తుము.

నేడు ప్రపంచ ఆరోగ్యసంస్థయు, దానికి చెందిన కాన్సరు పరిశోధనా సంస్థయు రాతినార రకములన్నియు కాన్సరు కారకములే యని నిర్ణయించినవి. తెల్లరకమును మినహాయింపలేదు. ఊపిరితిత్తులకే గాక స్వరపేటికకు, స్త్రీల అండాశయములకు వచ్చు కాన్సరుతోను దీనికి సంబంధమున్నదని ఒప్పుకొనిరి. పొగత్రాగు అలవాటు తోడైనచో ఆ ఫలము కూడిక కాదు, గుణకారము. అమెరికాలో వేడినిరోధక పనులు చేయువారిపై 1979లో వెలువడిన పరిశీలనలో, రాతినార ఒక్కటే అయినచో ఊపిరితిత్తుల కాన్సరు మరణము సుమారు 5 రెట్లు, పొగ ఒక్కటే అయినచో సుమారు 10 రెట్లు, రెండును కలసినచో 50 రెట్లకు పైబడి కనబడినది. బీడీ జేబులో పెట్టుకొని రేకుల పనికి పోవు మన కార్మికునకు ఈ లెక్క ఎవరైనను చెప్పిరో లేదో మేమెరుగము.

ఈ వ్యాధుల మాయ యంతయు ఆలస్యములో నున్నది. ఆస్బెస్టోసిస్ బయటపడుటకు సాధారణముగా పది యిరువది యేండ్లు పట్టును. మీసోథీలియోమాకు ఇరువదినుండి నలుబది యేండ్లు, ఒక్కొక్కప్పుడు ఇంకను ఎక్కువ. పాముకాటు వేసిన విషము గడియలో తెలియును. ఇది ఉద్యోగము ముగిసి, గ్రాట్యుటీ ఖర్చయి, బిడ్డల పెండ్లిండ్లు జరిగిన పిమ్మట తెలియును. మొదట మెట్లు ఎక్కునప్పుడు ఆయాసము, తరువాత పొడిదగ్గు, వైద్యుడు వీపుపై స్టెతస్కోపు పెట్టి విన్నచో ఊపిరితిత్తుల అడుగున చిటపటమను శబ్దము. కొందరికి వ్రేళ్ళ కొనలు ఉబ్బి గుండ్రబడును. మన దేశమున దగ్గుతో, ఆయాసముతో వచ్చిన శ్రామికుని చూచిన వెంటనే తోచునది క్షయ. తోచుట సహజమే. కాని కఫపరీక్షలో క్షయ క్రిములు లేవని తేలిన తరువాతనైనను, నీవు ఏమి పని చేసితివి, ఎన్నియేండ్లు చేసితివి అని అడుగవలెను. ఆ ప్రశ్న అడుగనిచో ఎక్సురే చూచియు వ్యాధి పేరు దొరకదు. అందుచేత వైద్యుడు అడుగకున్నను రోగి చెప్పవలెను.

ఇక కర్మాగారమున ఏమి జరుగును? రేకులో రాతినార పాలు తక్కువ, సుమారు పదింట ఒక వంతు. మిగిలినది చాలవరకు సిమెంటు, థర్మల్ కేంద్రముల బూడిద. నారను సిమెంటుతో నీటిలో కలిపి, పలుచని పొరలుగా తీసి, ఒకదానిపై నొకటి పేర్చి, పచ్చిగా ఉండగనే ముడతలు వేయుదురు. తడిగా ఉన్నంతసేపు దుమ్ము లేవదు. అపాయమంతయు రెండు కొసల నున్నది. మొదటిది నార సంచులు విప్పి పోయుచోట, రెండవది ఎండిన రేకును కోయుచోట, చెక్కుచోట. పూర్వము సంచులను చేతితో కోసి గుమ్మరించెడివారు. మూసియున్న యంత్రములలో సంచి తెగు ఏర్పాట్లు తరువాత వచ్చినవి. తాను పనిచేసిన దినములలో ఏ కొసన నిలుచుండెనన్నదానిపై కార్మికుని భవితవ్యము చాలవరకు ఆధారపడియున్నది.

ఇప్పుడు వసారా సంగతి. మొదట భయము తీర్చవలెను. రేకులో నార సిమెంటుతో బిగిసియున్నది. పగులక, పెచ్చులూడక, గట్టిగా ఉన్న రేకుల క్రింద కాపురముండుట వలన కలుగు అపాయము చాల స్వల్పము. ఈ వ్యాసము చదివి రేపే కప్పు పీకించువారు, పీకించుటచేతనే లేని అపాయమును కొని తెచ్చుకొందురు. రేకు హాని చేయునది దానిని బాధించినప్పుడే: రంపముతో కోసినప్పుడు, మరతో రంధ్రము వేసినప్పుడు, పగులగొట్టినప్పుడు, వానలకు ముందు పైకెక్కి నాచును ఇనుపకుంచెతో గీకినప్పుడు. మరి ఏండ్లతరబడి ఎండకు, వానకు సిమెంటు అరిగిపోయి, పైన నార తేలి నూగువలె కనబడు రేకు చూరునీటితో కొంత పోగును నేలకు దింపును.

శేరిలింగంపల్లి వంటి చోట మేము చింతించునది ఇందుకే. మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి, నల్లగండ్ల, గోపనపల్లి, ఎచ్చట చూచినను పాతది పడుచున్నది, క్రొత్తది లేచుచున్నది. పడుచున్న పాత యిండ్లలో పెక్కింటికి రేకులే కప్పు. గునపము పోటుకు రేకు పెళుసుగా విరుగును. ముక్కలను తట్టలకెత్తువారు స్త్రీలు, ప్రక్కన ఇసుకలో ఆడుకొనువారు వారి పిల్లలు. ముక్కుకు కట్టినది చీరకొంగు. చీరకొంగు ఇసుకను ఆపును గాని ఈ పోగును ఆపజాలదు. తీసిన ముక్కలు ఊరకపోవు. గుంటలు పూడ్చుటకు, పొయ్యిరాళ్ళకు అండగా, కోళ్ళగూటికి కప్పుగా, వీధిబాటలో పరపుటకు వినియోగపడును. బండిచక్రముల క్రింద అవి దినదినము నలుగుచునే యుండును.

కావున గృహిణికి మా సమాధాన మిది. మేస్త్రీ గునపము వద్దు. మరలను, కొక్కెములను విప్పి, రేకును నిండుగా క్రిందికి దింపవలెను, పైనుండి విసరరాదు. దింపుటకు ముందును, దింపునప్పుడును నీటితో తడుపుచుండవలెను. నీటిలో కొంచెము సబ్బు కలిపినచో తడి బాగుగా పట్టును. తడిసిన రేకు జారును, పాతరేకు మనిషి బరువునకు విరుగును, కనుక రేకుపై కాలు పెట్టక, పలకలు వేసికొని వాటిపై నిలువవలెను. కప్పునుండి జారిపడి నడుము విరిగినవారిని మేమెరుగుదుము. పనివారికి పీ100 లేక ఎఫ్‌ఎఫ్‌పీ3 అను గుర్తుగల ముసుగులు కొనియీయవలెను. ఆ పూట పిల్లలను వేరొక యింటికి పంపవలెను, కిటికీలు మూయవలెను. పని అయిన పిదప పొడిచీపురు పట్టరాదు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారవేయవలెను. రేకులను, విరిగిన ముక్కలను మందమైన ప్లాస్టిక్కు పట్టాలో చుట్టి కట్టవలెను. కర్మాగారముల రాతినార వ్యర్థములను 2016 నాటి నిబంధనలు ప్రమాదకర వ్యర్థములుగా ఎంచినవి. అట్టివాటికి హైదరాబాదు చెంత దుండిగల్లులో కేంద్రమున్నది. గృహస్థుడు తన వసారా రేకులను ఎచటికి పంపవలెనో ముందుగానే పురపాలక అధికారులను విచారించి, తెలిసిన పిదపనే విప్పుట మొదలుపెట్టవలెను. విప్పి వీధిలో పెట్టి అడుగుట వలన ప్రయోజనము లేదు.

ఇంటిలో మరి కొన్నిచోట్ల రాతినార దాగియుండును. పాత మంచినీటి ఏసీ పైపులు అట్టివే. ఆ నీరు త్రాగుటవలన హాని యని గట్టి ఋజువు లేదు గాని, ఆ పైపును పొడిగా కోయువానికి హాని కలదు. మోటారు మెకానిక్కుల షెడ్డులో పాత బ్రేకు లైనింగుల దుమ్మును గాలిమరతో ఊదుదురు. అందులోను ఈ నార ఉండవచ్చును. మనలో రసాయనశాస్త్రము చదివినవారందరును బీకరు క్రింద పెట్టిన తీగజాలిని, దాని నడుమ తెల్లని బిళ్ళను మరువలేదు. అదియు ఇదే. గోటితో ఆ బిళ్ళను గీకి రాల్చిన విద్యార్థులలో ఈ వ్యాసకర్తలును ఉన్నారు.

బ్రిటను 1999లో, ఆస్ట్రేలియా 2003 చివర, ఐరోపా సమాఖ్య 2005లో, కెనడా 2018లో రాతినారను నిషేధించినవి. బ్రెజిల్ సర్వోన్నత న్యాయస్థానము 2017లో వలదని తీర్పు చెప్పినది. అమెరికా 2024లో తెల్లరకమునకు సైతము నిషేధము ప్రకటించినది. మన ప్రభుత్వము 1986లో రాతినార గనులకు క్రొత్త కౌళ్ళిచ్చుట నిలిపివేసినది. కాని రష్యా, బ్రెజిల్, కజకస్థాన్ దేశములనుండి నారను తెప్పించి రేకులు చేయుట సాగినది. బ్రాహ్మణపల్లె మనిషి త్రవ్వరాదు గాని అతని బంధువు అదే నార సంచిని కర్మాగారమున విప్పవచ్చుననుటలోని తర్కము మాకు బోధపడలేదు. తగు జాగ్రత్తతో తెల్లరకమును నిరపాయముగా వాడవచ్చునని పరిశ్రమవారి వాదము. జాగ్రత్త కర్మాగారపు గోడలలోపల సాధ్యమే అనుకొందము. రేకు గోడదాటి, బండియెక్కి, పల్లె చేరి, ముప్పదియేండ్ల తరువాత గునపము పాలైననాడు ఆ జాగ్రత్త ఎవరిది?

కార్మికుల పక్షమున ఒక గొప్ప తీర్పు మాత్రము వచ్చినది. అహమ్మదాబాదులోని వినియోగదారుల విద్యా పరిశోధనా కేంద్రము 1986లో వేసిన పిటిషనుపై సుప్రీంకోర్టు 1995 జనవరి 27న తీర్పు చెప్పినది. దానిని వ్రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ కె. రామస్వామి. కార్మికుని ఆరోగ్యము అతని జీవించు హక్కులో భాగమని అందు చెప్పిరి. రాతినార పరిశ్రమలు ప్రతి కార్మికుని ఆరోగ్య వివరములను అతడు పనిలో చేరిననాటినుండి 40 ఏండ్లు, లేదా పని మానిననాటినుండి 15 ఏండ్లు, ఏది వెనుకనైనచో అంతవరకు భద్రపరుపవలెనని ఆదేశించిరి. కార్మికులందరికిని బీమా ఉండవలెననియు, వృత్తివలన వ్యాధిగ్రస్తులని తేలినవారికి లక్ష రూపాయల పరిహారము ఈయవలెననియు చెప్పిరి.

ఈ లెక్క ప్రకారము, 1989లో చేరి 2013లో మానిన ఆ గృహిణి భర్త వివరములు, మొదటి విధమున 2029 వరకు, రెండవ విధమున 2028 వరకు ఉండవలెను. కావున 2029 వరకు వాటిని అడుగు హక్కు వారికున్నది. ఉత్తరము రిజిస్టరు చేసి, రసీదు దాచుకొని అడుగవలెను. ఆయాసమును వయసుపై త్రోయక ఛాతీవైద్యునికి చూపవలెను. ఎర్రగడ్డలో ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉన్నది, చెంతనే సనత్‌నగరు ఈఎస్ఐ ఆసుపత్రి ఉన్నది. ఎక్సురే, ఊపిరి కొలత, వైద్యుడు కోరినచో సీటీ పరీక్ష చేయించవలెను. ఏయే విభాగమున ఎన్నెన్నియేండ్లు పనిచేసినది కాగితముపై వ్రాసి తీసికొనిపోవలెను. గట్టిపడిన ఊపిరితిత్తిని మరల మెత్తపరచు మందు లేదు. కాని పొగ మానుట, ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుకొనుట, తగిన వ్యాయామము చేయుట, అవసరమైనచో ప్రాణవాయువు పెట్టుకొనుట వలన మిగిలిన ఊపిరి నిలుచును. వ్యాధి పేరు కాగితముపైకి ఎక్కినప్పుడే పరిహారమునకు దారి ఏర్పడును.

ఇక ఆమె ఉత్తరములో ఆమెను గూర్చి ఒక్కమాట లేదు. ఇరువదినాలుగేండ్లు ఆయన చొక్కాను వాకిట దులిపి, బండపై ఉతికినది ఎవరో మేము వేరుగా అడుగనక్కరలేదు. భర్తతో ఆసుపత్రికి పోవుదినమున ఆమెయు తన పేరు చీటీలో వ్రాయించుకొని ఎక్సురే తీయించుకొనవలెననియు, ఈ దుస్తుల మాట వైద్యునికి స్వయముగా చెప్పవలెననియు వారికి మేము విడిగా జాబు వ్రాసియున్నాము.